కంఠత వాక్యాల కార్డుల పెట్టె: పది నెలలు వాడాక

2025 ఫిబ్రవరిలో గుంటూరులో ఉజ్జీవ కూటాలకు వెళ్లినప్పుడు బయట పుస్తకాల స్టాల్లో, బైబిల్ వాక్యాలు నోటికి తెచ్చుకోవడానికి వేసిన ఈ కార్డుల పెట్టె కొన్నాను. రూ. 160. లోపల 60 కార్డులు, వాటిని గుచ్చుకోవడానికి ఒక స్టీలు రింగు, మనం రాసుకోవడానికి నాలుగు ఖాళీ కార్డులు ఉన్నాయి. పెట్టె మీద ‘కంఠత వాక్యములు’ అని పెద్ద అక్షరాలు, దాని కింద కీర్తన 119:11. ఇలాంటి పెట్టెలు మన క్రైస్తవ పుస్తకాల షాపుల్లో నాలుగైదు రకాలు దొరుకుతున్నాయి. నేను కొన్నది వేసినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. అందులో కొన్ని తప్పులు కనిపిస్తే ఫోన్ చేసి చెప్పాను, మళ్లీ వేసేటప్పుడు దిద్దుతామన్నారు. ఏ పెట్టె కొన్నా ఏం చూసుకోవాలో, కొన్నాక ఎలా వాడుకోవాలో నాకు తెలిసింది చెబుతాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. పల్లెవెలుగు బస్సు, గుంటూరు–బాపట్ల రూటు. మొదటి ట్రిప్పు పడిందంటే తెల్లవారుజామున మూడున్నరకే లేవాలి. క్యారేజీ సర్దుకుని, డిపోకి వెళ్లి, మిషన్ తీసుకుని బస్సెక్కేసరికి బైబిల్ తెరవడానికి పది నిమిషాలు దొరికితే అదే గొప్ప. ఆ పది నిమిషాల్లో చదివింది కూడా బుడంపాడు దాటేసరికి గుర్తుండేది కాదు. ఆదివారం డ్యూటీ పడితే గుడి కూడా ఉండదు. బస్సులో ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చెయ్యి పైన రాడ్ మీద, భుజాన క్యాష్ బ్యాగు. ఫోన్ తీసి యాప్‌లో చదువుకుందామంటే కుదిరే పని కాదు. పుస్తకం తెరవడానికి వీల్లేని చోట రోజుకు పన్నెండు గంటలు బతికే మనిషికి వాక్యం లోపలే ఉండాలి. అందుకే కొన్నాను.

ముందు వస్తువు సంగతి. కార్డు మందంగా ఉంది, సులభంగా మడత పడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతిలో పట్టుకున్న టికెట్ల కట్ట కంటే కొంచెం పెద్దది, బ్యాగు ముందు జేబులో సరిగ్గా పడుతుంది. ఒక వైపు వాక్యం, రెండో వైపు రెఫరెన్సు (ఏ గ్రంథం, ఎన్నో అధ్యాయం, ఎన్నో వచనం) మాత్రమే. ఇది మంచి పద్ధతి. రెఫరెన్సు చూసి వాక్యం చెప్పుకోవచ్చు, వాక్యం చూసి రెఫరెన్సు చెప్పుకోవచ్చు. అక్షరం పెద్దది. కళ్లజోడు లేకుండా కదిలే బస్సులో చదవగలిగాను.

అచ్చు మాత్రం నిలవదు. ఏప్రిల్ వచ్చేసరికి నా చేతి చెమటకి సిరా కరిగి, ఫిలిప్పీయుల కార్డు మీద సగం అక్షరాలు నీలం మరకలయ్యాయి. జిరాక్స్ షాపులో అన్నిటికీ లామినేషన్ చేయిస్తే రూ. 180 అయింది, పెట్టె ఖరీదు కంటే ఎక్కువ. ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకుని వాళ్లే చేసి ఇవ్వాల్సింది. రింగు కూడా నాసిరకం. ఒకరోజు చేబ్రోలు దగ్గర డ్రైవరన్న సడన్ బ్రేకు వేస్తే రింగు ఊడి కార్డులన్నీ బస్సంతా చెల్లాచెదురయ్యాయి. పాసింజర్లే వంగి వంగి ఏరిచ్చారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తన చేతికొచ్చిన కార్డు వెంటనే ఇవ్వలేదు. రెండుసార్లు పైకి చదివి, “మంచి మాటేనమ్మా” అని అప్పుడు ఇచ్చారు. అది సామెతలు 15:1. “మృదువైన మాట క్రోధమును చల్లార్చును నొప్పించు మాట కోపమును రేపును.” ఆ సాయంత్రమే స్టేషనరీ షాపులో గట్టి రింగు కొన్నాను, పది రూపాయలు.

కార్డుల మీద వేసింది మన పాత అనువాదం, ఇళ్లలో, గుళ్లలో వాడే గ్రాంథిక బైబిల్. వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదాలు ఉండగా ఇది ఎందుకు వేశారని కొందరు అడుగుతారు. చదివి అర్థం చేసుకోవడానికి కొత్తవి మంచివే, మా అమ్మాయి అదే చదువుతుంది. కానీ నోటికి రావాలంటే పాతదే తేలిక, ఇది నా అనుభవం. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అనండి. నాలుగు అడుగులు వేసినట్టు ఉంటుంది. “ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు నిన్ను కాపాడువాడు కునుకడు” అన్న మాటలో ‘తొట్రిల్లనియ్యడు’ దగ్గర నోరే ఒకసారి తొట్రిల్లి మళ్లీ నిలబడుతుంది. అలాంటి మాట ఒకసారి పట్టుకుందంటే వదలదు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. దుడ్డుకఱ్ఱ, విజ్ఞాపనము, వాత్సల్యత, ఇవి ఇప్పటి పిల్లలకి తెలియవు. కార్డు వెనక బోలెడంత ఖాళీ ఉంది, కష్టమైన మాటకి ఒక్క ముక్క అర్థం వేస్తే సరిపోయేది. దుడ్డుకఱ్ఱ అంటే ఏమిటని మా అమ్మాయి అడిగితే, గొర్రెల మీద పడే జంతువుల్ని కొట్టడానికి కాపరి పట్టుకునే లావుపాటి కర్ర అని చెప్పాను. “అయితే అది గొర్రెల్ని కొట్టడానికి కాదా!” అంది. సండే స్కూల్లో ఆ కీర్తన ఒప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్ల, ఇన్నేళ్లూ దేవుడు ఆ కర్రతో తననే కొడతాడనుకుంది. నోటికి వచ్చినంత మాత్రాన అయిపోలేదని ఆరోజు నాకు బాగా అర్థమైంది.

మా నాయనమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడకి అక్షరం రాదు. మాది లూథరన్ సంఘం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి వేళ్లూనుకున్న సంఘాల్లో మాదొకటి. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి, విశ్వాసం గురించి ప్రశ్నలూ జవాబులూ ఉన్న పుస్తకం, కన్ఫర్మేషన్ క్లాసుల్లో నేనూ బట్టీ పట్టినదాన్నే. కానీ నాయనమ్మ పుస్తకం పట్టుకోలేదు. సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఉపదేశిగారు అరుగు మీద దీపం పెట్టి ఒక ముక్క చెబితే, ఆడవాళ్లంతా తిరిగి చెప్పేవాళ్లట. మర్నాడు మిరపకాయలు కోస్తూ సాలు సాలుకీ ఆ ముక్క అనుకునేదట. 23వ కీర్తన, 121వ కీర్తన, కొండమీద ప్రసంగంలో ధన్యతలు, పది ఆజ్ఞలు, ఇవన్నీ ఆవిడకి అలా చెవిలోంచి నోటికి వచ్చినవే. మమ్మల్ని పడుకోబెట్టేటప్పుడు ఆవిడ చెప్పిన 121 నాకిప్పటికీ ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది. నీ పిల్లలకి ఇంట్లో కూర్చున్నప్పుడూ, దారిలో నడిచేటప్పుడూ, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ ఈ మాటల గురించి చెప్పు అని ద్వితీయోపదేశకాండము 6లో ఉంది. చదువు రాని ఆవిడ అది అక్షరాలా చేసింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ పెట్టెలో లేనిది సరిగ్గా అదే. ఒప్పజెప్పించుకునే మనిషి. మొదటి రెండు నెలలు నాకు నేనే చెప్పుకున్నాను, వచ్చేసిందనుకున్నాను. మే నెలలో ఒక రాత్రి అమ్మాయిని కార్డులు పట్టుకోమని ఒప్పజెప్పడం మొదలుపెట్టాను. ఫిలిప్పీ 4:13 దగ్గర “నన్ను బలపరచువాని వలన నేను సమస్తమును చేయగలను” అన్నాను. “తప్పమ్మా. ‘బలపరచువానియందే.’ యందే!” అంది. ఎక్కడో చిన్న తేడా, అర్థం అదేగా అన్నాను. అది ఒప్పుకోలేదు. ఆ ‘యందే’లో ఉన్న ఏత్వం గురించి నేను రాత్రంతా ఆలోచించాను. ఆయన వలన అంటే ఆయన సాయం చేస్తే నేను చేసుకుపోతాను అన్నట్టుంది. ఆయనయందే అంటే ఆయనలో ఉంటేనే, ఇంకెక్కడా కాదు. అపొస్తలుడైన పౌలు ఆ మాట రాసింది జైల్లో, బంధకాల్లో ఉండి. దానికి ముందు వాక్యాల్లో కడుపు నిండి ఉండడమూ, ఆకలిగొని ఉండడమూ నేర్చుకున్నానంటాడు. ఒక్క చిన్న మాట మారితే ఇంత పోతుందని కార్డు నాకు చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న పిల్ల చెప్పింది. కాబట్టి ఈ పెట్టె ఒక్కరే వాడుకోవడానికి కొంటే సగమే ఉపయోగం. భర్తో, పిల్లలో, పక్కింటావిడో, స్త్రీల సమాజంలో స్నేహితురాలో, ఎవరో ఒకరు కావాలి.

నా పద్ధతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. వారానికి ఒక్క కార్డే. పెట్టెతో ఇచ్చిన చీటీలో రోజుకొకటి చొప్పున రెండు నెలల్లో పూర్తి చేయవచ్చని రాశారు. అలా చేస్తే 60 వాక్యాలు చూసినట్టవుతుంది గానీ నోటికి ఒక్కటీ రాదు. నేను వాక్యాన్ని స్టేజీలకి కట్టుకున్నాను. గుంటూరు బస్టాండ్‌లో బస్సు కదలగానే 121వ కీర్తన మొదలు. బుడంపాడు, నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, ఒక్కో చోట ఒక్కో పాత వాక్యం. బాపట్లలో దిగాక టీ తాగేటప్పుడు కొత్తది. ఊరు రాగానే వాక్యం దానంతటదే వస్తుంది. చాలా రోజుల తర్వాత గమనించింది ఏమిటంటే, 119వ కీర్తనలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. 176 వచనాలు, 22 భాగాలు, ఒక్కో భాగంలో ఎనిమిది వచనాలు. హెబ్రీలో ఒక్కో భాగంలోని ఎనిమిదీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అని అచ్చేసి ఉండేది అందుకే. అక్షరాల వరస పట్టుకుని నోటికి తెచ్చుకోవడానికి అది ఎంత వీలుగా ఉంటుందో! వాళ్లకి అక్షరాలు, నాకు స్టేజీలు. చివరికి బాపట్ల నుంచి తిరిగొచ్చి గుంటూరులో ఆఖరి పాసింజరు దిగాక 121:8 అనుకుంటాను. “ఇది మొదలుకొని నిరంతరము నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును.” రాకపోకలే బతుకైన మనిషికి ఆ ఒక్క మాట చాలు. ఈ వాక్యం పెట్టెలో లేదు, అది నాయనమ్మ ఇచ్చింది.

ఇక ఇది రోజువారీ బతుకులో ఏం పని చేసింది? నిజం చెప్పాలి. అన్నిసార్లూ పని చేయలేదు.

2025 ఆగస్టు 15 నుంచి మా రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగులో ఆడవాళ్లకి ఉచితం. మంచి పథకం, నేను సంతోషించాను. కూలికి వెళ్లేవాళ్లు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఎంతమందికి రోజుకి ఎంత మిగిలిందో నా కళ్లతో చూశాను. అయితే ఆ మొదటి వారాలు కండక్టర్లకి మామూలు టెన్షన్ కాదు. ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూడాలి, సున్నా టికెట్ కొట్టాలి, మధ్యలో మగవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలి, చిల్లర ఇవ్వాలి. లోపల కాలు పెట్టే చోటు లేదు. నారాకోడూరులో ఒక పెద్దావిడ ఎక్కింది. ఆధార్ కార్డు అడిగితే ఇంట్లో మర్చిపోయానంది. అలాగైతే టికెట్ తీసుకోవాలన్నాను. “ఫ్రీ అన్నారుగా” అంది. నాలుగోసారి అదే మాట అనేసరికి నోరు జారాను. “ఊరికే వస్తుందంటే ఒంటి మీద తెలివుండదు మీకు” అన్నాను. బస్సంతా వినపడేట్టు. ఆవిడ ఇంక ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన ఇరవై రూపాయల నోటు తీసి ఇచ్చింది. ముడి విప్పేటప్పుడు వేళ్లు వణుకుతున్నాయి.

ఆ వారం నా కార్డు ఎఫెసీ 4:29. “వినువారికి మేలు కలుగునట్లు అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి గాని దుర్భాషయేదైనను మీ నోట రానియ్యకుడి.” పొద్దున్నే బస్టాండ్‌లో మూడుసార్లు అనుకుని ఎక్కాను. అవసరానికి రాలేదు. చేబ్రోలు స్టేజీ దగ్గర, అలవాటు కొద్దీ వాక్యం అనుకోబోతే అదే వచ్చింది. “వినువారికి” అన్న మాట దగ్గర ఆగిపోయాను. విన్నది ఆవిడ ఒక్కతే కాదు, బస్సంతా విన్నారు. జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెళ్లి, “పెద్దమ్మా, తప్పుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి” అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, “పోనీలేమ్మా, పొద్దుట్నించీ నుంచునే ఉన్నావు” అంది. పొన్నూరులో దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి దిగింది.

ఆ వాక్యం నా నోట్లో లేకపోతే ఏమయ్యేది? ఇంటికెళ్లి రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చేదేమో, లేదంటే అసలు రాకపోనూవచ్చు. ఆవిడ అప్పటికి ఊళ్లో ఉంటుంది, క్షమాపణ ఎవరికి చెప్పను? నేను ఆ రోజు నేర్చుకున్నది ఇదే. కంఠతా వచ్చిన వాక్యం తప్పుని ఆపకపోయినా, దిద్దుకునే వ్యవధిలోపలే వచ్చి నిలబడుతుంది. ఆ తర్వాత రెండుసార్లు దురుసు మాట నోటి చివరకి వచ్చి ఆగిపోయింది. ఒకసారి మళ్లీ జారింది.

అక్టోబరులో ఇంకో పరీక్ష వచ్చింది. నిలబడి నిలబడి నడుం పట్టేసి, కుడి కాలు తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరుగారు ఎంఆర్ఐ తీయించమన్నారు. స్కానింగ్ సెంటర్‌లో గొలుసు, చెవికమ్మలు, కళ్లజోడు, ఫోన్, కార్డుల రింగు అన్నీ అమ్మాయి చేతిలో పెట్టి లోపలికి వెళ్లాను. చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇచ్చి, భయమేస్తే నొక్కమన్నారు. అరగంట కదలకూడదన్నారు. ఆ గొట్టం లోపలికి వెళ్లాక ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి కప్పు. చెవుల్లో దూది పెట్టినా టకటకమని మోత, మధ్యలో బోరు వేసినట్టు బర్రుమని. ఊపిరి ఆడనట్టయింది. బుడ్డి మీద వేళ్లు బిగిశాయి.

గుంటూరు బస్టాండ్ నుంచి మొదలుపెట్టాను. “కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?” ఎనిమిది వచనాలూ పూర్తిగా వచ్చాయి. బుడంపాడు దగ్గర యెషయా 41:10, “నీకు తోడైయున్నాను భయపడకుము,” అదీ వచ్చింది. “నీతియను నా దక్షిణహస్తముతో నిన్ను ఆదుకొందును” అన్నప్పుడు బుడ్డి మీద వేళ్లు కాస్త సడలాయి. నారాకోడూరులో ఫిలిప్పీ 4:6. “దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత...” అక్కడ ఆగిపోయింది. ఎంత గుర్తు తెచ్చుకున్నా తర్వాతి మాట రాదు. మళ్లీ మొదటి నుంచి అనుకున్నాను, మళ్లీ అక్కడే ఆగింది. ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ మాటను వెతకడంలో పడి మోత సంగతే మర్చిపోయాను. చివరికి మిషన్ ఆగి, బల్ల బయటికి జరుగుతుంటే వచ్చింది. “కృతజ్ఞతాపూర్వకముగా.” బయటికి వచ్చి అమ్మాయి చేతిలోంచి కార్డు లాక్కుని చూశాను. అవును, అదే. కార్డు మీద సిరా కరిగి మరకైంది సరిగ్గా ఆ మాట మీదే. లామినేషన్ ఆలస్యంగా చేయించాను కదా, దాని లోపల మరక అలాగే ఉంది.

ఆ గొట్టంలో అరగంట నాకు ఈ పెట్టె మీద అసలైన రివ్యూ. అప్పటికి పెట్టెలోవి 32 కార్డులు పూర్తి చేశాననుకుంటున్నాను. తడుముకోకుండా వచ్చినవి 14. ముక్కలుగా వచ్చినవి పది. మిగతావి రాలేదు. నాయనమ్మ నేర్పినవి మాత్రం ఒక్క మాట కూడా జారలేదు. (నడుం సంగతి అడుగుతారు గనుక, డిస్కు కొంచెం జరిగిందన్నారు. బెల్టు, వ్యాయామాలు. ఇప్పుడు నయం.)

ఇప్పుడు నా పెద్ద ఫిర్యాదు. వాక్యాలు ఎంచిన తీరు. 60 కార్డుల్ని టేబుల్ మీద పరిచి లెక్కపెట్టాను. 41 వాగ్దానాలు. ఆజ్ఞలు 11. మిగిలిన ఎనిమిది స్తుతులు. ఏడుపు ఒక్కటి కూడా లేదు. కీర్తనల గ్రంథంలో మొరపెట్టే కీర్తనలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒక్క ముక్కా పెట్టెలోకి రాలేదు. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డులు తీసుకోవడం మనందరికీ అలవాటే, నాకూ ఇష్టమే. ఏడాదంతా ఆ ఒక్క మాట పట్టుకుని నడిచినవాళ్లున్నారు. కానీ కంఠత వేరు. కష్టం వచ్చినప్పుడు ఓదార్చే మాట కావాలి, కోపం వచ్చినప్పుడు ఆపే మాట కావాలి, ఏమీ అర్థం కానప్పుడు దేవునికి మొరపెట్టడానికి కూడా మాట కావాలి.

దానికంటే బాధ కలిగించింది వాక్యాల్ని కత్తిరించడం. యిర్మీయా 29:11 కార్డు మీద “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న ముక్క ఒక్కటే వేశారు. పై వచనం చూడండి. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. డెబ్భై ఏళ్లు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. ఈలోగా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. డెబ్భై ఏళ్లంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు తిరిగి రావడం చూడనేలేదు. అది తెలిసి పట్టుకుంటే ఆ మాట ఎంత బరువైనది! తెలియకపోతే ‘ఈ నెలలో నా పని అయిపోతుంది’ అనుకుంటాం, కాకపోతే దేవుని మీద అలుగుతాం.

మత్తయి 4లో సాతాను యేసుకి వాక్యమే చెప్పాడు, 91వ కీర్తన. దేవుడు తన దూతలకు ఆజ్ఞాపిస్తాడు, నిన్ను ఎత్తిపట్టుకుంటారు, దూకు అన్నాడు. కీర్తనలో “నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు” అని ఉన్న ముక్క వాడు చెప్పలేదు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములోంచి జవాబిచ్చారు. అరణ్యంలో ఆయన చేతిలో గ్రంథపు చుట్ట లేదు. నలభై రోజుల ఆకలి మీద ఆయనకి అందినది లోపల ఉన్నదే, అది పూర్తిగా ఉన్నది. కార్డు చిన్నది, చోటు చాలదు అంటారేమో. చోటు చాలకపోతే ఆ వాక్యం వేరే కార్డుకి పొడిగించండి, లేదా వేయకండి. ఇది వాళ్లకి ఫోన్‌లో కూడా చెప్పాను, ఓపిగ్గా విన్నారు.

అచ్చుతప్పుల్లో ముఖ్యమైనది ఒకటి. “నన్ను బలపరచువానియందే” కార్డు వెనక ఫిలిప్పీ 4:3 అని పడింది, 4:13 అనుండాలి. ఏ పెట్టె కొన్నా మొదటి రోజే బైబిల్ పక్కన పెట్టుకుని అన్నీ సరిచూసుకోండి. గంట పని. తప్పు నోటికొస్తే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

ఎవరికి పనికొస్తుంది? నాలాగా చేతులు ఖాళీ లేని పనుల్లో ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది. నర్సులు, డ్రైవర్లు, మిషన్ మీద కుట్టేవాళ్లు. మా డిపోలో ఒక చెల్లికి నేనే ఒకటి కొనిచ్చాను, తను స్టేజీల పద్ధతే పట్టుకుంది. సండే స్కూల్ పిల్లలకైతే ఇది వద్దు. అర్థాలు లేవు, బొమ్మలు లేవు, మాటలు బరువు. చూపు తగ్గిన పెద్దవాళ్లకి కార్డులకంటే పక్కన కూర్చుని చెప్పే మనిషే మేలు. డబ్బు పెట్టలేకపోతే బాధ లేదు, అట్టముక్కలు కోసి పెన్నుతో రాసుకోండి. చేత్తో రాసిన కార్డు త్వరగా నోటికొస్తుంది, అది నేను చూశాను.

ఐదులో మూడున్నర ఇస్తాను. లామినేషన్ చేసి, వాక్యాలు పూర్తిగా వేస్తే ఇంకొకటి కలుపుతాను.

ఆ నాలుగు ఖాళీ కార్డుల గురించి చెప్పడం మర్చిపోయాను, పెట్టెలో నాకు నచ్చినవి అవే. ఒకదాని మీద 121:8 రాసుకున్నాను. రెండోదాని మీద మా అమ్మాయి చేతిరాతతో 13వ కీర్తన మొదలు. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” దాని ఇంటర్ రిజల్టు వచ్చిన రోజు అదే రాసి నా బ్యాగులో పెట్టింది, నేను మర్నాడు పొద్దున బస్టాండ్‌లో చూశాను. ఆ వారం బాపట్ల దాకా అదే చెప్పుకున్నాను, ఆరు వచనాలూ. ఇంకా రెండు కార్డులు ఖాళీగా ఉన్నాయి.